డిశ్చార్జి తరువాత ఆపరేషన్ గాయాల్లో మందులకు లొంగని బ్యాక్టీరియా: పల్నాడు నేపథ్యం

ఆపరేషన్ చేసిన చోట 30 రోజుల లోపు తలెత్తే ఇన్ఫెక్షన్‌ను శస్త్రచికిత్స గాయపు ఇన్ఫెక్షన్ అంటారు. అది చర్మానికీ, దాని కింది కొవ్వు పొరకూ పరిమితమైతే పైపొర ఇన్ఫెక్షన్. కండరాల దాకా దిగితే లోతు ఇన్ఫెక్షన్. ఆపరేషన్‌లో తాకిన అవయవంలోనో పొట్ట లోపలో చేరితే అవయవ ఇన్ఫెక్షన్. ఎముకకు ప్లేటు వేయడం, కీలు మార్చడం, హెర్నియాకు మెష్ అమర్చడం వంటి ఆపరేషన్లలో లోతు ఇన్ఫెక్షన్ కోసం 90 రోజుల దాకా చూస్తారు. ఈ గడువుల్లోనే అసలు సమస్య ఉంది. సిజేరియన్ అయిన తల్లి సాధారణంగా వారం లోపు, అపెండిక్స్ తీయించుకున్నవారు కొద్ది రోజుల్లో, హెర్నియా ఆపరేషన్ అయినవారు ఒకటి రెండు రోజుల్లో ఇల్లు చేరతారు. అంటే గాయాన్ని కనిపెట్టి చూడవలసిన కాలంలో నాలుగింట మూడు వంతులకు పైగా ఇంట్లోనే గడుస్తుంది. మందులకు లొంగని బ్యాక్టీరియాతో పోరాటం అనగానే ఐసీయూలు, ప్రయోగశాలలు గుర్తుకు వస్తాయి. ఆపరేషన్ గాయాల విషయంలో మాత్రం ఆ పోరాటానికి కీలకమైన చోటు డిశ్చార్జి అయిన మనిషి ఊరే. కుట్ల దగ్గర చీము కనిపించిన రోజున ఎవరు చూశారు, చీము పరీక్షకు వెళ్ళిందా, ఏ మందు ఇచ్చారు అన్న మూడు ప్రశ్నలకు దొరికే జవాబును బట్టే నిరోధకత పెరగడమో తగ్గడమో జరుగుతుంది. ఈ వ్యాసం ఆ వాదనను పల్నాడు జిల్లా నేపథ్యంలో, కోటప్పకొండ చుట్టుపక్కల గ్రామాల వంటి చోట్లను దృష్టిలో పెట్టుకొని పరిశీలిస్తుంది.

ఎక్కడ బయటపడుతోంది

భారత వైద్య పరిశోధన మండలి ఆధ్వర్యంలో ఢిల్లీ ఎయిమ్స్ ట్రామా సెంటర్, మణిపాల్ కస్తూర్బా ఆస్పత్రి, ముంబయి టాటా మెమోరియల్ ఆస్పత్రి కలిసి మూడు వేల మందికి పైగా రోగులను ఆపరేషన్ తరువాత ఆరు నెలల పాటు గమనించాయి. వారిలో 5.2 శాతం మందికి గాయపు ఇన్ఫెక్షన్ వచ్చింది. ఆ కేసుల్లో దాదాపు మూడింట రెండు వంతులు డిశ్చార్జి తరువాతనే బయటపడ్డాయి. ఆస్పత్రి గోడల లోపల మాత్రమే లెక్కపెట్టి ఉంటే ప్రతి మూడు కేసుల్లో రెండు లెక్కకు అందకుండా పోయేవి. పైగా ఆ మూడూ దేశంలో పేరున్న పెద్ద ఆస్పత్రులు. 66 దేశాల్లో 12,539 మంది రోగులతో జరిగి 2018లో ప్రచురితమైన గ్లోబల్‌సర్జ్ అధ్యయనంలో, పొట్టలోని జీర్ణవ్యవస్థ ఆపరేషన్ల తరువాత 30 రోజుల లోపు గాయపు ఇన్ఫెక్షన్ అభివృద్ధి చెందిన దేశాల్లో 9.4 శాతం, మధ్యస్థ దేశాల్లో 14 శాతం, వెనుకబడిన దేశాల్లో 23.2 శాతం ఉంది. చీములోని బ్యాక్టీరియాను పెంచి చూసే కల్చర్ పరీక్ష చేసినచోట, ఆపరేషన్‌కు ముందు ఇచ్చిన యాంటీబయాటిక్‌కే లొంగని బ్యాక్టీరియా సంపన్న దేశాల్లో ఆరింట ఒక కేసులో, పేద దేశాల్లో మూడింట ఒక కేసుకు పైగా కనిపించింది. ఇన్ఫెక్షన్ ఎక్కువగా ఉన్నచోటే మందు విఫలమయ్యే అవకాశమూ ఎక్కువన్న మాట.

ఆంధ్రప్రదేశ్‌లో ఈ సంగతికి మరింత బరువు ఉంది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం రాష్ట్రంలో 42.4 శాతం కాన్పులు సిజేరియన్‌తో జరిగాయి. దేశ సగటు 21.5 శాతం. తెలంగాణలో అది 60.7 శాతం. తెలుగు రాష్ట్రాల్లో సగానికి దగ్గరగా తల్లులు పసిబిడ్డతో పాటు ఒక కోత గాయాన్ని కూడా ఇంటికి తీసుకువెళుతున్నారు. వీరికి 2007లో ఆరోగ్యశ్రీగా మొదలైన పథకం కింద ఉచితంగా జరిగే వేలాది ఆపరేషన్లను కలుపుకుంటే, ఏ రోజున చూసినా దాదాపు ప్రతి గ్రామంలోనూ మానుతున్న ఆపరేషన్ గాయం ఒకటైనా ఉంటుంది.

కారకాలు, నిరోధకత

ఈ గాయాల్లో కనిపించే బ్యాక్టీరియా రెండు దారుల్లో వస్తుంది. చర్మం, ముక్కు నుంచి వచ్చే వాటిలో ముఖ్యమైనది స్టెఫిలోకాకస్ ఆరియస్. పేగుల నుంచి వచ్చేవి ఇ.కోలై, క్లెబ్సియెల్లా, ఎంటరోకాకస్. ఆస్పత్రి తేమలో, పరికరాల మీద, గాలి గొట్టాల్లో బతికే సూడోమోనాస్, ఎసినెటోబ్యాక్టర్ కూడా తోడవుతాయి. వీటికి మందులను తట్టుకునే శక్తి ఈనాడు పుట్టినది కాదు.   పెన్సిలిన్‌కు లొంగని స్టెఫిలోకాకస్ కోసం 1959లో మెథిసిలిన్ తెచ్చారు. దానికీ లొంగని రకం 1961 నాటికే ఇంగ్లండ్‌లో కనిపించింది. అదే నేటి ఎమ్మార్‌ఎస్‌ఏ. భారతదేశంలో ఆస్పత్రుల నుంచి వచ్చే స్టెఫిలోకాకస్ నమూనాల్లో సగానికి దగ్గరగా ఈ రకమే ఉంటోంది.

ఇ.కోలై, క్లెబ్సియెల్లా వంటి గ్రామ్ నెగటివ్ బ్యాక్టీరియా పరిస్థితి మరీ ఆందోళనకరం. అవి బీటా లాక్టమేజ్ అనే ఎంజైములతో సెఫలోస్పోరిన్ మందులను ముక్కలు చేస్తాయి. అందుకే ఊరూరా వాడే సెఫ్ట్రియాక్సోన్ ఇంజెక్షన్, సెఫిక్సిమ్ మాత్ర చాలా గాయాల్లో పనిచేయవు. వాటికి పైమెట్టుగా దాచుకున్న కార్బపెనెమ్ మందులనూ విరిచేసే ఎన్‌డీఎమ్ ఎంజైమ్‌ను 2008లో, భారతదేశంలో చికిత్స పొంది స్వీడన్ వెళ్ళిన రోగిలో తొలిసారి గుర్తించారు. వైద్య పరిశోధన మండలి నిఘా నివేదికల ప్రకారం ఇ.కోలైలో ఇమిపెనెమ్ అనే కార్బపెనెమ్‌కు లొంగేవి 2017లో 81 శాతం ఉంటే 2023 నాటికి 63 శాతానికి తగ్గాయి. క్లెబ్సియెల్లాలో 58 నుంచి 36 శాతానికి పడిపోయాయి. ఆ తరువాత మిగిలే కొలిస్టిన్ వంటి మందులు మూత్రపిండాలకు హాని చేయగలవు. పైగా వాటిని రక్తనాళంలోకి ఎక్కించాలి, ధరా ఎక్కువ. కూలి మీద బతికే కుటుంబానికి అది మళ్ళీ ఆస్పత్రి, మళ్ళీ అప్పు.

డిశ్చార్జి తరువాత మాత్రమే కనిపించే మరో శత్రువును ఇక్కడ ప్రత్యేకంగా చెప్పాలి. ల్యాప్రోస్కోపీతో పిత్తాశయమో అపెండిక్సో తీశాక గాయం చక్కగా మానుతుంది, కుట్లూ ఊడతాయి. మూడు నాలుగు వారాలు గడిచాక బొడ్డు దగ్గరి రంధ్రం చోట గట్టి గడ్డ లేస్తుంది. చర్మం నల్లబడుతుంది. పల్చటి చీము కారి, ఆగి, మళ్ళీ కారుతుంది. జ్వరం ఉండదు. సాధారణ కల్చర్‌లో ఏమీ పెరగకపోవచ్చు. క్షయ కుటుంబానికే చెందినా క్షయ కలిగించని మైకోబ్యాక్టీరియా దీనికి కారణం. నీటిలో బతికే ఈ జీవులు, గ్లూటరాల్డిహైడ్‌లో తగినంత సేపు నానని పరికరాల మీద, లేదా నానిన తరువాత కుళాయి నీటితో కడిగిన పరికరాల మీద లోపలికి చేరతాయి. మామూలు యాంటీబయాటిక్స్‌కు ఇవి లొంగవు. క్లారిత్రోమైసిన్ వంటి మందులను ఒకటికి మించి కలిపి నెలల తరబడి వాడాలి. ఆపరేషన్ చేసిన వైద్యుడికి ఈ కబురు చేరకపోతే అదే నీటితో, అదే పద్ధతిలో పరికరాల శుద్ధి సాగుతూనే ఉంటుంది, తరువాతి రోగికీ అదే గడ్డ లేస్తుంది. ఊళ్ళో కనిపించిన గాయం సంగతి ఆస్పత్రికి తిరిగి చేరడం ఎందుకు అవసరమో చెప్పడానికి ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణ లేదు.

పల్నాడులో గాయం దారి

2022 ఏప్రిల్ 4న నరసరావుపేట కేంద్రంగా ఏర్పడిన పల్నాడు జిల్లాలో కోటప్పకొండ, దాని పాదాన ఉన్న యల్లమంద, కొండకావూరు వంటి గ్రామాలకు ఆపరేషన్ అంటే ముందుగా గుర్తొచ్చేది నరసరావుపేట, అక్కడ కుదరకపోతే గుంటూరు. మాచర్ల, గురజాల వైపు వారికి గుంటూరు నూరు కిలోమీటర్ల పైచిలుకు. ఈ దూరమే గాయం గతిని నిర్ణయిస్తుంది. ఆపరేషన్ ఒకచోట, కుట్లు విప్పడం మరోచోట, చీము పడితే కట్టు కట్టేది ఇంకోచోట. ఊళ్ళో అందుబాటులో ఉన్న ఆర్‌ఎంపీ ఒక ఇంజెక్షన్ వేస్తాడు. తగ్గకపోతే మందుల దుకాణంలో మరో రకం మాత్రలు. అవీ పనిచేయకపోతే పట్నంలోని వేరే నర్సింగ్ హోమ్. ఆపరేషన్ చేసిన సర్జన్‌కు మాత్రం తన రోగి కోలుకున్నాడనే అనిపిస్తుంది, ఎందుకంటే అతను తిరిగి రాలేదు. ఇది ఏ ఒక్కరి నిర్లక్ష్యమూ కాదు. ఒక గాయం నలుగురి చేతుల మీదుగా నడిచినా ఆ నలుగురి మధ్య మాట నడవకపోవడం వల్ల వచ్చిన లోటు.

పని ఒత్తిడి, తిండి కూడా ఇందులో భాగమే. మిరప కోతలు, పత్తి తీతల రోజుల్లో ఆపరేషన్ అయిన మనిషి విశ్రాంతి తీసుకోవడం కష్టం. వంగి పనిచేస్తే కుట్ల మీద లాగుడు పడుతుంది, చెమట, దుమ్ము కట్టు కిందికి చేరతాయి. ఆపరేషన్ తరువాత పథ్యం పేరుతో పప్పు మానేయడం తెలుగు ఇళ్ళలో పాత అలవాటు. పప్పు తింటే చీము పడుతుందని పెద్దలు అంటారు. నిజానికి కొత్త కణజాలం కట్టుకోవడానికి మాంసకృత్తులే కావాలి. మాంసం, గుడ్డు రోజూ కొనలేని ఇంట్లో పప్పు కూడా మానేస్తే గాయం మానడం ఆలస్యమవుతుంది. మానని గాయమే బ్యాక్టీరియాకు దారి ఇస్తుంది. చక్కెర వ్యాధి అదుపులో లేకపోవడం, పొగాకు అలవాటు, రక్తహీనత కూడా ఇదే పని చేస్తాయి.

రుజువైన నివారణలు

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లో ఇచ్చిన మార్గదర్శకాల్లో ఎక్కువ భాగం ఖర్చు తక్కువ, శ్రద్ధ ఎక్కువ కోరే పనులే. ఆపరేషన్‌కు ముందు స్నానం చేయించాలి. బ్లేడుతో గొరగకూడదు, వెంట్రుకలు తీయక తప్పకపోతే క్లిప్పర్ వాడాలి. అవసరమైన ఆపరేషన్లకు యాంటీబయాటిక్‌ను కోతకు ముందు 120 నిమిషాల లోపు ఇవ్వాలి. ఆపరేషన్ ముగిశాక, నివారణ పేరుతో ఆ మందును కొనసాగించకూడదు. భారతదేశం కూడా పాల్గొన్న రెండు పెద్ద ప్రయోగాలు ఈ విషయంలో ఎంతో నేర్పుతాయి. 2021లో వెలువడిన ఫాల్కన్ ప్రయోగంలో ఖరీదైన ట్రైక్లోసాన్ పూత కుట్టుదారం వల్ల మామూలు దారం కంటే లాభం కనిపించలేదు. 2022లో వెలువడిన చీటా ప్రయోగంలో 13,301 మంది రోగులను పరిశీలించారు. పొట్ట కోతను మూసే ముందు చేతి తొడుగులు, పరికరాలు మార్చే పద్ధతి లేని ఆస్పత్రుల్లో ఇన్ఫెక్షన్ 18.9 శాతం ఉంటే, మార్చిన ఆస్పత్రుల్లో 16 శాతమే ఉంది. కొత్త మందు కాదు, కొత్త యంత్రం కాదు, ఒక జత గ్లౌజులు, శుభ్రమైన మరో పళ్ళెం పరికరాలు.

అభ్యంతరాలు, సమాధానాలు

మొదటి అభ్యంతరం ఇది: గాయం పాడయ్యేది ఇంటి అపరిశుభ్రత వల్లనే, దానికి ఆస్పత్రిని తప్పుపట్టడం తగదు. శుభ్రత ముఖ్యమే, దాన్ని ఎవరూ కాదనరు. అయితే కుట్టిన కోత అంచులు 24 నుంచి 48 గంటల్లో పలుచటి చర్మపు పొరతో మూసుకుపోతాయి. డిశ్చార్జి నాటికి ఆ తలుపు చాలావరకు మూతపడి ఉంటుంది. అయిదో రోజునో పదో రోజునో బయటపడే ఇన్ఫెక్షన్‌లో బ్యాక్టీరియా చాలాసార్లు ఆపరేషన్ బల్ల మీదే లోపలికి చేరి ఉంటుంది. ఇంట్లో కనిపించింది కాబట్టి ఇంట్లోనే పుట్టిందనుకోవడం పొరపాటు.

రెండో అభ్యంతరం మరింత బలమైనది. మన పరిస్థితులు వేరు, వారం పది రోజులు మాత్రలు ఇచ్చి పంపడమే క్షేమం అని చాలామంది వైద్యులు మనస్ఫూర్తిగా నమ్ముతారు. ఈ నమ్మకాన్ని పరీక్షించారు. 2020లో 52 ప్రయోగాలను కలిపి చేసిన విశ్లేషణలో, ఆపరేషన్ తరువాత యాంటీబయాటిక్ కొనసాగించడం వల్ల మేలు జరుగుతుందనడానికి నిశ్చయమైన ఆధారం దొరకలేదు. మొదటి మోతాదు వేళకు పడని, దీర్ఘమైన ఆపరేషన్‌లో మళ్ళీ ఇవ్వని ప్రయోగాల్లో మాత్రం కొనసాగింపు కొంత మేలు చేసినట్లు కనిపించింది. దీని అర్థం సూటిగా ఉంది. తరువాతి మాత్రలు చేసే పని, ముందు ఇవ్వవలసిన ఒక్క ఇంజెక్షన్‌ను సరైన వేళకు ఇవ్వకపోవడాన్ని కప్పిపుచ్చడమే. ఆ వేళను సరిదిద్దుకుంటే మాత్రల అవసరం ఉండదు. అవసరం లేని ప్రతి మాత్రా పేగుల్లోని బ్యాక్టీరియాలో మొండివాటిని మిగిల్చి, మెతకవాటిని ఏరివేస్తుంది. తరువాత వచ్చే ఇన్ఫెక్షన్ ఆ మిగిలిన వాటితోనే వస్తుంది.

మూడో అభ్యంతరం కల్చర్ పరీక్ష గురించి. ఖర్చు, రెండు మూడు రోజుల ఆలస్యం, ఊళ్ళో ప్రయోగశాల లేకపోవడం. మొదట గుర్తుంచుకోవలసింది, పైపొర ఇన్ఫెక్షన్‌కు చాలాసార్లు యాంటీబయాటిక్ అక్కర లేదు. ఒకటి రెండు కుట్లు విప్పి, చీము బయటికి వదిలి, శుభ్రం చేసి కట్టు కడితే చాలు. కోత అంచు నుంచి ఎరుపు 5 సెంటీమీటర్లు దాటినా, జ్వరం 38.5 డిగ్రీల సెల్సియస్ మించినా, నాడి నిమిషానికి 110 దాటినా మందు కావాలి. అలాంటప్పుడు చీమును మందుకు ముందే తీయాలి. పైన ఎండిన పక్కును తుడిచేసి, గాయాన్ని సెలైన్‌తో కడిగి, లోతు నుంచి చీమును సిరంజిలోకి లాగడం మేలు. గాజు పలక మీద పూసి గ్రామ్ రంగు వేసి చూస్తే, నీలి గుండ్లా గులాబీ కర్రలా అన్నది అదే రోజు తెలుస్తుంది, తొలి మందు ఎంపికకు అది చాలు. మరునాటికి పెరిగిన బ్యాక్టీరియాను అగర్ పళ్ళెం మీద పరచి, యాంటీబయాటిక్ పూసిన చిన్న కాగితపు బిళ్ళలు పెడతారు. రాత్రి గడిచాక బిళ్ళ చుట్టూ బ్యాక్టీరియా పెరగని వలయాన్ని మిల్లీమీటర్లలో కొలిస్తే ఏ మందు పనిచేస్తుందో తేలిపోతుంది. పనిచేయని మందు వారం పాటు కొని, ఆ తరువాత ఐసీయూకు చేరే ఖర్చుతో పోలిస్తే ఈ పరీక్ష చవక.

నాలుగో అభ్యంతరం సిబ్బంది కొరత. ఇక్కడ ఆంధ్రప్రదేశ్‌కు ఇప్పటికే ఒక నిర్మాణం ఉంది. గ్రామ ఏఎన్‌ఎమ్, ఆశా కార్యకర్త, విలేజ్ క్లినిక్‌లోని మిడ్ లెవెల్ హెల్త్ ప్రొవైడర్ ఊళ్ళోనే ఉంటారు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రం వైద్యుడు నెలకు రెండుసార్లు గ్రామానికి వచ్చే ఫ్యామిలీ డాక్టర్ విధానాన్ని 2023 ఏప్రిల్ 6న లాంఛనంగా ప్రారంభించింది పల్నాడు జిల్లాలోని లింగంగుంట్లలోనే. 2019 డిసెంబరులో వచ్చిన ఆరోగ్య ఆసరా పథకం, ఆపరేషన్ తరువాత విశ్రాంతి కాలానికి రోజుకు 225 రూపాయల చొప్పున, నెలకు 5,000 రూపాయలకు మించకుండా భృతి ఇచ్చింది. డిశ్చార్జి తరువాతి రోజులు కూడా చికిత్సలో భాగమేనన్న సూత్రాన్ని రాష్ట్రం అలా అంగీకరించింది. అదే సూత్రాన్ని గాయానికి వర్తింపజేయాలి. 2022లో రాష్ట్రం యాంటీబయాటిక్ నిరోధకతపై కార్యాచరణ ప్రణాళికను కూడా రూపొందించుకుంది. కావలసింది కొత్త ఉద్యోగాలకంటే ముందు, ఉన్న ఉద్యోగుల పని జాబితాలో ఒక వరుస.

చివరి అభ్యంతరం పైకి అంతగా వినిపించదు: ఇన్ఫెక్షన్లు లెక్కపెడితే ఆస్పత్రి పేరు చెడుతుందన్న భయం. అనుభవం దీనికి విరుద్ధంగా ఉంది. 1970లలో అమెరికాలో జరిగిన సెనిక్ అధ్యయనం, ఇన్ఫెక్షన్లను లెక్కపెట్టి ఆ లెక్కను సర్జన్లకే తిరిగి చూపే నియంత్రణ కార్యక్రమాలు సమర్థంగా నడిచినచోట ఆస్పత్రి ఇన్ఫెక్షన్లలో దాదాపు మూడో వంతు తగ్గుతాయని చూపించింది. లెక్కను శిక్ష కోసం కాక సరిదిద్దుకోవడం కోసం వాడినప్పుడు అది ఆస్పత్రికే మేలు చేస్తుంది.

చేయవలసినది

ఈ ఆధారాలన్నీ కలిపి చూస్తే ఒక కార్యక్రమం స్పష్టమవుతుంది. డిశ్చార్జి చీటీలో ఆపరేషన్ తేదీ, ఇచ్చిన యాంటీబయాటిక్ పేరు, ఇచ్చిన వేళ, గాయం గురించి ఫోన్ చేయవలసిన నంబరు తెలుగులో ఉండాలి. ఆ చీటీ నకలు గ్రామ ఏఎన్‌ఎమ్‌కు చేరాలి. ఆమె 5, 10, 30వ రోజుల్లో గాయాన్ని కళ్ళతో చూడాలి. ఫోన్ పలకరింపు దూరాన ఉన్నవారికి ఉపయోగపడుతుంది గానీ, కుట్ల పక్కన మొదలైన గట్టిదనం ఫోన్‌లో తెలియదు. మన చర్మపు రంగులో ఎరుపు తొందరగా కనిపించదు కాబట్టి వేడి, వాపు, తాకితే నొప్పి, వాసనను ఆధారంగా తీసుకోవాలి. మందు అవసరమైన గాయపు చీము జిల్లా కేంద్రంలోని ప్రయోగశాలకు వెళ్ళాలి, ఫలితం ఆపరేషన్ చేసిన ఆస్పత్రికి తిరిగి రావాలి. మూడో తరం సెఫలోస్పోరిన్లు, కార్బపెనెమ్‌లు 2014 మార్చి నుంచి షెడ్యూల్ హెచ్1లో ఉన్నాయి. డాక్టర్ చీటీ లేకుండా వాటిని అమ్మకూడదు, అమ్మినదాన్ని రిజిస్టరులో రాయాలి. ఆ చట్టాన్ని దుకాణం బల్ల దగ్గర అమలు చేయాలి. ఊళ్ళో ముందుగా చూసే ఆర్‌ఎంపీలకు కూడా ఒక్క మాట నేర్పాలి: చీము పట్టిన గాయాన్ని ఇంజెక్షన్‌తో అణచవద్దు, వెనక్కు పంపండి.

ఇంట్లో ఆపరేషన్ అయిన మనిషి ఉన్న ప్రతి పాఠకుడికీ ఇదే విజ్ఞప్తి. కుట్లు వేడెక్కినా, ఉబ్బినా, తడిసినా ఆ రోజే ఆపరేషన్ చేసిన ఆస్పత్రికి ఫోన్ చేయండి, ఊరి ఏఎన్‌ఎమ్‌కు చూపించండి. మిగిలిపోయిన పాత మాత్రలు వేయవద్దు. పప్పు, గుడ్డు పెట్టండి. యాంటీబయాటిక్ రాస్తే, ముందు చీము పరీక్షకు పంపుదామా డాక్టర్ గారూ అని అడగండి. అలా అడగడం రోగి హక్కు.